వేరు సంగతి

ఆ ఇంట్లో కింది స్నానాలగదిలో నీళ్ళు పోస్తే పోసినన్ని వెనక్కి వస్తున్నాయి. మొదట బుడబుడమని చప్పుడు, తర్వాత వాసన, ఆపైన చీలమండల దాకా నల్లనీళ్ళు. రెండురోజులు పొడుగాటి కర్రతోనూ వేడినీళ్ళతోనూ ఇంటిల్లిపాదీ ఇచ్చిన ఉచిత సలహాలతోనూ నానా తంటాలు పడ్డాక, మూడోరోజు పొద్దున చిన్నకోడలు ఆఫీసుకు సెలవు పెట్టి పైపుల మేస్త్రిని పిలిపించింది.

అతన్ని అందరూ నిదానం అంటారు. ఇల్లు మునిగిపోతోందని మొత్తుకున్నా సరే, ముందు చెప్పులు విప్పి, వాటిని జతగా ఒక పక్కన పెట్టి, అప్పుడు గానీ పనిలోకి దిగడు. ఎదురుచూసేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. అతనికి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు.

చిన్నకోడలికి ఆ నిదానం నచ్చింది. ఆమె గొంతులోనూ మూడు నెలలుగా ఒక మాట అడ్డంపడి ఉంది, మింగలేదు, కక్కలేదు. భర్తకు ఊరి ఆ చివర కొత్త ఉద్యోగం వచ్చింది. రానూపోనూ మూడు గంటలు. అక్కడే రెండు గదుల ఇల్లు చూసుకున్నారు, వచ్చే నెలలో చేరిపోవచ్చు. అత్తగారికి చెప్పడమొక్కటే మిగిలింది. ఇద్దరు కొడుకులూ ఇద్దరు కోడళ్ళూ ఒకే కప్పు కింద ఉంటున్నారని కనబడ్డవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునే మనిషి ఆవిడ. ఆ గొప్పను పగలగొట్టడానికి చిన్నకోడలికి నోరు రాలేదు. మొగుడు సరేసరి. "నువ్వైతే నచ్చజెప్పగలవు" అని ఆ పుణ్యమంతా పెళ్ళానికే వదిలేసి, చల్లగా ఆఫీసుకు పోతున్నాడు.

నిదానం పెరట్లో సిమెంటు మూత ఎత్తి, చివర కెమెరా ఉన్న తీగను గొట్టంలోకి తోశాడు. అరచేయంత తెర మీద తడి గోడలు కదిలాయి. కొంత దూరం వెళ్ళాక, ఒక అతుకు దగ్గర గోధుమరంగు కుచ్చు ఒకటి గొట్టం నిండా వేలాడుతూ కనిపించింది.

"అదిగో, వేరు" అన్నాడు.

ఇద్దరూ తలెత్తి గోడవారనున్న అంజూరు చెట్టును చూశారు. అది అత్తగారు నాటిన చెట్టు. దాని ఆకు తుంపినా ఆవిడ ఊరుకోదు.

"కోసేస్తే పోదా?" అని అడిగింది చిన్నకోడలు.

"ఇవాళ మిషను పెట్టి కోస్తాను, నీళ్ళు పోతాయి. ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొదలు. పాత మట్టి గొట్టం కదమ్మా, అతుకులు వదిలేశాయి. అక్కడిదాకా తవ్వి కొత్త గొట్టం వేసుకోవాలి. చెట్టుకి ఈ పక్క వేళ్ళు కొట్టేయాల్సి వస్తుంది." అతను తీగ చుట్టుకుంటూ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాననుకున్నాడు గానీ, తగ్గలేదు. "ఈ వేరు సంగతి పెద్దావిడకి చెప్పారా?"

"లేదు. చెప్పాలి."

"మెల్లగా చెప్పండి. ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారు."

అలా చెప్పి, మిషను తేవడానికి వీధిలో ఉన్న బండి దగ్గరికి వెళ్ళాడు. వంటింటి కిటికీ తెరిచే ఉంది. అత్తగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చింది.

"విన్నానులే. వేరు సంగతి నాకు మెల్లగా చెప్పాలట కదా. వేరు పోదామనుకుంటే పోండి. దానికి పైపుల మేస్త్రితో సంప్రదింపులెందుకు? ఇల్లెక్కడ చూశారు?"

భాష చేసిన కొంటెపని ఇది. చెట్టు వేరు వేరే, కాపురం వేరు వేరే, మాట మాత్రం ఒకటే. మూడు నెలలుగా తను అనలేని మాటను అత్తగారే అనేసింది. అవునంటే అయిపోయేది. కానీ పిరికితనం ముందు నోరు తెరిచింది.

"అయ్యో, కాదత్తయ్యా. ఆయన చెప్పింది చెట్టు వేరు. గొట్టంలోకి అంజూరు వేరు పాకింది, అంతే."

ఆ మాటతో ఆవిడ మొహం తేటపడుతుందనుకుంది. పడలేదు. అప్పటిదాకా ఉన్న కాస్త వెలుగూ పోయింది. అత్తగారు మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

"వేరు పోవడం కాదా?"

"కాదు."

"అయితే అదేనన్నమాట."

"ఏదత్తయ్యా?"

"నా రిపోర్టులు. కడుపునొప్పని పరీక్షలు చేయించారు చూడు, ఆ వారం నుంచే కదా మీ గుసగుసలు? నేను గదిలోకొస్తే మాట మార్చేస్తారు. వాడు నా కళ్ళలోకి చూసి మాట్లాడి ఎన్నాళ్ళయింది? నాకైతే గ్యాసని చెప్పి పంపాడు డాక్టరు. మీకేం చెప్పాడు? ఎన్నాళ్ళన్నాడు?"

ఆవిడ ఆ మధ్య కోడళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి ఏ తాళం ఏ బీరువాదో చెప్పింది. మంచి బట్టలన్నీ తీసి పంచిపెట్టింది. చాదస్తం ముదిరిందని వెనక నవ్వుకున్నారు. అదంతా ఇప్పుడు గుర్తొచ్చి చిన్నకోడలికి సిగ్గేసింది. ఆవిడ పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"గ్యాసేనత్తయ్యా. మాకూ అదే చెప్పాడు. మేం దాచింది ఇల్లు. ఊరి ఆ చివర, ఆయన ఆఫీసు దగ్గర చూసుకున్నాం. వచ్చే నెల వేరు వెళ్దామని. మీరు బాధపడతారని నోరు రాలేదు."

"ఒట్టు?"

"మీ మీదొట్టు."

"నా మీదొద్దు. నీ మొగుడి మీద పెట్టు."

పెట్టింది. అత్తగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. చిన్నకోడలూ ఏడ్చింది. అత్తగారిని బాధపెట్టకూడదనుకున్న మూడు నెలలూ ఆవిడ ఒక్కతే చావుకు సిద్ధపడుతూ కూర్చుందని తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

కాసేపటికి ఆవిడ ముక్కు తుడుచుకుంది.

"వేరు కాపురమైతే మొదటిరోజే చెప్పాల్సింది కదే" అంది. "ఒక్కరోజు ఏడ్చి ఊరుకునేదాన్ని."