గోవింద కడసారి పిలిచిన పేరు

కాలవ నీళ్ల తగాదాలో గోవిందను పారతో కొట్టి చంపిన పక్కచేని బాలుసామి, ఎనిమిదేండ్లు జైల్లో ఉండి మంసాపురానికి తిరిగి వచ్చినాడు. గోవింద పెండ్లాము నాగమ్మాళ్ అప్పటికే ఊరు విడిచి సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల పనిలో ఉంది.

ఆ ఎనిమిదేండ్లూ ఆమెకు ఒకటే బాధ. మధ్యాహ్నం అన్నం వేళకు మగ్గాలు నిలిచిపోతే చాలు, వీపు వెనకాల "నాగూ" అని గోవింద గొంతు వినిపించేది. ఆ పేరు పెట్టి పిలిచింది అతనొక్కడే, అదీ ఇంట్లో తలుపు మూసినాకే. ఆ గొంతుకు భయపడే తనతో మగ్గం నేసే జయప్రియ వెంట రాజపాళయం చర్చికి పోయింది, బాప్తిస్మం తీసుకొన్నది. శత్రువు కోసం ప్రార్థన చేయమని పాస్టరు చెప్పినాడు. చేసింది. గొంతు మాత్రం పోలేదు.

"బాలుసామికి షుగరు. కాలిపుండులో పురుగులు పడినాయంట. ఎవురూ దగ్గరికి పోవడంలేదు" అని ఒకనాడు జయప్రియ చెప్పింది.

ఆదివారం ఆరాధన అయినాక నాగమ్మాళ్ బ్యాండేజీ చుట్ట, మందుసీసా సంచిలో వేసుకొని మంసాపురం బస్సెక్కింది.

బాలుసామి వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు. ఆమె వీపు వెనకాలకు చూసినాడు.

"వదినా, అన్నను కూడా పిలుచుకొని వచ్చినావా?"

ఆమె తిరిగి చూసింది. ఎండలో వీధి ఖాళీగా ఉంది.

"దినమూ ఈ వేళకే వస్తాడు. ఆడనే నిలబడి పిలుస్తాడు. నన్ను కాదు. నాగూ అంటాడు."

"ఆ పేరు నీకెవురు చెప్పినారు?"

"కింద పడినాక అదే అంటా ఉన్నాడు, ప్రాణం పొయ్యేదాకా. నేను నిలబడి విన్నాను."

నాగమ్మాళ్ సంచి తీసుకొని బస్సు నిలిచే చోటికి వచ్చేసింది. కోపం మండుతా ఉంది. మొగుని ఆఖరి మాట ఇన్నేండ్లూ వీని దగ్గర ఉండిపోయింది. "ప్రభువా, నా వల్ల కాదు" అన్నది. బస్సు వచ్చింది. ఎక్కలేకపోయింది. వెనక్కి నడిచింది.

ఆమె పుండు కడుగుతా ఉంటే బాలుసామి ఏడ్చినాడు.

"నన్ను మన్నించినావా వదినా?"

"తెలియదు. కాలు కదిలించొద్దు. ఎల్లుండి మళ్లా వస్తాను."

చెప్పినట్టే వచ్చింది. రెండు నెలలు కట్టు మార్చింది. అయినా పుండు పైకి పాకింది, ఆస్పత్రిలో కాలు తీసేయాలన్నారు. కాగితం మీద సంతకం పెట్టడానికి అతని తరఫున ఒక్కరూ రాలేదు.

"మీకు ఈయన ఏమవుతాడు?" అని నర్సు అడిగింది.

"మరిది" అని నాగమ్మాళ్ సంతకం పెట్టింది. పెట్టినాక, ఆపరేషను అయ్యేదాకా ఆడనే గోడవార కూర్చున్నది.