వెనుకవైపు గీసిన పేరు

నేను ఒక గాజుపలకను. మూడంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, కోపంగా నొక్కితే విరిగిపోయేంత మందం. కొలిమిలో కరిగినప్పుడు నొప్పి కలిగిందా అని అడిగితే, లేదనే చెప్పాలి. గాజు దేనినీ పట్టించుకోదు. దానిగుండా చూసేవాళ్ళే పట్టించుకోవాలి.

వాల్తేరు కొండమీది ఒక పరిశోధనశాలకు నన్ను పెట్టెలో తెచ్చారు. ఆ పెట్టె విప్పినది అక్కడి టెక్నీషియన్ యడ్ల సువార్త. ఎలుక మెదడును పలుచని ముక్కలుగా కోసి, మా మీద పరిచి, రంగులద్దడం ఆమె పని. అన్నిటికంటే ముందు, వజ్రపు మొన ఉన్న కలంతో ప్రతి పలక వెనుకవైపున తన పొడి అక్షరాలూ తేదీ గీసేది. సిరాతో రాస్తే తరువాత ముంచే మందులలో కరిగిపోతుంది. తమ చేత్తో పలకలు ముంచిన వారెవరికైనా ఇది తెలిసిన సంగతే. ఆ పరిశోధనశాల అధిపతి ఆచార్య చర్ల భానుమూర్తిగారు పలక ముంచి పాతికేళ్ళయింది.

ఎలుకల బోనులు బోసిగా ఉండాలని ఆయన నియమం. శుభ్రత కోసమట. ఒక వరుస బోనులలో మాత్రం సువార్త కొబ్బరిచిప్పలూ, చీపురుపుల్లలతో కట్టిన నిచ్చెనలూ పెట్టింది. అన్ని ఎలుకలకూ ఒకే రేడియోధార్మిక మందు ఎక్కించారు. విభజన పొందుతున్న కణం మాత్రమే ఆ మందును పీల్చుకుంటుంది. అప్పుడు పుట్టిన కణంలో దాని గుర్తు నిలిచిపోతుంది. తరువాత నాకు ఫోటోఫిల్ముకు పూసే పూత పూసి, ఆరు వారాలు చీకటి డబ్బాలో ఉంచారు. నాకు విసుగు రాలేదు. బయటికి తీసి కడిగేసరికి, నేను మోస్తున్న మెదడుముక్కలో, కొత్త సంగతులు నేర్చుకోవడానికి ఆధారమైన హిప్పోకాంపస్ అనే వంపులో, చీమలబారులా నల్లని చుక్కలు తేలాయి. ఆ ఎలుక పిల్ల కాదు, ముదురు ఎలుక. నిచ్చెన ఉన్న బోనులో పెరిగింది. బోసి బోనుల ఎలుకలలో చుక్కలు అక్కడొకటి, ఇక్కడొకటి.

సువార్త నన్ను ఆచార్యులవారి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఆయన ఎక్కువసేపు చూడలేదు.

"ఇవి కణాలు కావమ్మా, మురికి. పూత సరిగా పుయ్యలేదు నువ్వు."

"మురికైతే ముక్కంతా ఉండాలి గదండీ. ఈ ఒక్క వంపులోనే ఎందుకుంటాది?"

"పెద్దయిన మెదడులో కొత్త నాడీకణం పుట్టదు. నేను ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్న పాఠం అది. పుస్తకంలో ఉంది."

"పుస్తకానికి తెలీదేమోనండీ. ఎలక్కి తెలుసు."

ఆ మాటతో ఆమె పని చెడింది. అజాగ్రత్తతో పలకలు పాడుచేశానని ఒక కాగితం మీద సంతకం పెడితే ఆమెను ఆ గదిలోనే ఉంచుతామన్నారు. ఆమె పెట్టలేదు. సీసాలు కడిగే గదికి పంపారు. నన్ను అల్మారాలో పెట్టారు. కడిగే గది గోడకు అవతలే ఉండడంతో, అక్కడ పనిచేసే పైడితల్లి ఆమెను దెప్పడం నాకు వినిపించేది.

"ఎలకలకి నిచ్చెనలేసి నువ్వు కిందకి దిగిపోనావేటమ్మా?"

సువార్త మరో సీసా అందుకున్న గలగల వినిపించేది. నీళ్ళ చప్పుడు ఆగేది కాదు.

పద్నాలుగేళ్ళకు పాఠం మారింది. ముదురు జంతువుల మెదడులోనూ నాడీకణాలు పుడతాయనీ, కొన్ని వారాలలో పాతవాటితో కలిసి పనిచేస్తాయనీ, నిన్న నడిచిన దారికీ ఇవాళ నడిచే దారికీ తేడా పోల్చుకోవడానికి తోడ్పడతాయనీ దేశదేశాలవారు ఒప్పుకొన్నారు. పరుగూ ఆటా ఉంటే ఆ పుట్టుక పెరుగుతుంది, దిగులులో తగ్గుతుంది. మనుషులలో ఇది ఎంత అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఆచార్యులవారు మాత్రం వాదన పెట్టుకోలేదు. అల్మారా తెరిచి, నన్ను తీసి, నా ముఖం మీద తమ పేరున్న కాగితం అతికించి, తాము ఎన్నడో కనుగొన్నామని సభలో చెప్పారు. పెద్దల మెదడులో కొత్తదేదీ పుట్టదన్న పాత సిద్ధాంతానికి ఆయన ఒక్కరే సాక్ష్యంగా మిగిలారు.

పరిశోధనశాల యాభయ్యవ ఏట ప్రదర్శన పెట్టారు. ఆయన చక్రాల కుర్చీలో ముందు వరుసలో కూర్చున్నారు. నన్ను అద్దాలపెట్టెలో ఉంచిన డాక్టర్ షమీమ్ అనే యువ శాస్త్రవేత్త, వచ్చినవారికి నా గురించి వివరిస్తోంది. తెల్లచీర కట్టిన ఒక ముసలామె ఆ వివరం చివరిదాకా విని, ముందుకు వచ్చింది.

"దాన్నొకసారి తిరగెయ్యమ్మా."

"ఎందుకండీ, పేరు ఇటువైపే ఉంది కదా?"

"ముక్క కోసినవాళ్ళ పేరు అటుంటాది."

షమీమ్ కూడా చేత్తో పలకలు ముంచే మనిషే. పెట్టె తెరిచి నన్ను తిప్పి దీపానికి పట్టుకుంది. "య. సు." అని, పక్కనున్న తేదీతో సహా పైకి చదివింది. ఆ తేదీ ఆచార్యులవారి సభకు పద్నాలుగేళ్ళ ముందుది.

"ఎవరండీ ఇది?" అని ఆమె ముందు వరుసను అడిగింది. భానుమూర్తిగారు నన్ను చూశారు. తరువాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మరిచిపోయారో, మరిచినట్టు ఉన్నారో నేను చెప్పలేను.

"యడ్ల సువార్త. నేనే," అంది ముసలామె. "అప్పుడు అడిగిన సంతకం ఇదే అనుకోండి."

క్షమాపణ ఎవరూ చెప్పలేదు. ఆమె నీళ్ళలో నాని మొద్దుబారిన వేళ్ళను కొంగుతో తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి షమీమ్ నన్ను బోర్లానే ఉంచుతోంది. అతికించిన కాగితం కిందికీ, గీసిన పేరు పైకీ.

నాకు సంతోషం లేదు. గాజుకు ఉండదు. కాని పెట్టెలో దీపం వేసినప్పుడు, నా ఒళ్ళంతా దాటిపోయే వెలుతురు, ఆ రెండక్షరాల దగ్గర కొంచెం ఆగుతుంది.