ఖాళీ కొక్కెం మీద బరువు

పొద్దున్న ఎనిమిదింటికి దుకాణం తలుపు తీయగానే కాటా మేస్త్రి ముందు చూసేది దూలానికి వేలాడే రెండు కాటాలని. గుండ్రటి డయలు, కింద ఇనప కొక్కెం. ఆ కొక్కేలకి ఎవరూ ఏమీ తగిలించరు. అయినా ముళ్లు మాత్రం సున్నా దగ్గర ఊరికే కూర్చోవు. ఎడమవైపుది భార్య భుజం మీద ఎంత బరువుంటే అంత చూపిస్తుంది. కుడివైపుది కూతురి లెక్క.

భార్యది ఉత్తరాలు పంచే ఉద్యోగం. వీధిలో అందరికీ ఆవిడ పోస్టమ్మ. ఆఫీసులో సంచీ భుజానికెత్తుకోగానే ఎడమ ముల్లు పదకొండు కిలోల దాకా ఎగిరి, ఇంటింటికీ తగ్గుతూ, ఒంటిగంటకల్లా సున్నాకి దిగిపోతుంది. అది దిగడం చూసుకుని మేస్త్రి స్టవ్వు వెలిగించి వంటకాలు వేడిచేస్తాడు. కవరు కోసం ఎదురుచూసేవాళ్లు దుకాణంలోకి తొంగిచూసి, ఇంకా నాలుగు కిలోలుందంటే మన వీధికి రాలేదన్నమాట అనుకుని వెళ్లిపోతారు. ఒకసారి ముల్లు పంతొమ్మిది దాటేసరికి, ఎవరో మిక్సీ తెప్పించుకున్నారని పోస్టమ్మ మలుపు తిరక్కముందే వీధంతా తెలిసిపోయింది.

మేస్త్రి కాటాలు బాగుచేస్తాడు. మహా చాదస్తం మనిషి. కూరగాయలు కొనడానికి వెళ్తే జేబులో అరకిలో గుండు పెట్టుకుని వెళ్లేరకం. ఇరవై ఆరేళ్లలో తప్పు తూకం చూపించే కాటా ఒక్కటి కూడా అతని చేతిమీదుగా బయటికి పోలేదు. స్ప్రింగు కాస్త అటూ ఇటూ తిప్పి పెట్టమని అడిగిన వ్యాపారిని గుమ్మంలోంచే పంపించేసి, ఆ రోజంతా అన్నం సహించక తిరిగాడు. భార్య పడీ పడీ నవ్వింది.

అలాంటివాడు, భార్యా కూతురూ వీపున సంచులేసుకుని పది రోజులు కొండల్లో నడుస్తామంటే ఊరుకుంటాడా? వద్దని చెప్పే ధైర్యం లేదు. కూతురికి పద్దెనిమిది నిండాయి, పరీక్షలయిపోయాయి, భార్యకి సెలవు దొరికింది. ఇద్దరూ ఒక మాటనుకున్నాక ఆ ఇంట్లో మూడో మనిషి మాట చెల్లదు. అందుకని తనకి చేతనైన పని చేశాడు. సంచులు తూచాడు. నీకు పన్నెండు కిలోలు, దానికి తొమ్మిది, అంతకు మించితే వీల్లేదన్నాడు. కూతురి సంచీ తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు తూగింది. బయటికి తీయడానికి ఏముందా అని వెతికితే పవర్ బ్యాంక్ చేతికి తగిలింది. సరిగ్గా నాలుగు వందల గ్రాములు. ముల్లు తొమ్మిది మీద నిలబడగానే చూడు ఎంత ముచ్చటగా ఉందో అన్నాడు. కూతురు వాళ్లమ్మ వంక చూసి, "పోనీలేమ్మా, నాన్న సంతోషం" అంది.

మూడోరోజు సాయంత్రానికి ఇద్దరి ఫోన్లూ ఆగిపోయాయి.

అప్పటినుంచీ అతనికి ఆ రెండు ముళ్లే దిక్కు. వాళ్లు నడుస్తుంటే అడుగడుగుకీ అవి సన్నగా వణుకుతాయి. కూర్చుంటే సున్నాకి దిగుతాయి. తిన్నకొద్దీ సంచులు తేలికవుతున్నాయి కాబట్టి రోజుకింతని తగ్గుతున్నాయి. పగలంతా మరమ్మత్తుకొచ్చిన కాటా ఒళ్లో పెట్టుకుని పైకి చూస్తూ కూర్చునేవాడు. ఒక స్క్రూ బిగించడానికి గంట పట్టేది. పవర్ బ్యాంక్ బల్ల మీదే ఉంది. దాన్ని సొరుగులో పెట్టి, మళ్లీ తీసి, పూర్తిగా ఛార్జింగు పెట్టాడు, ఎందుకో అతనికే తెలీదు. పక్క దుకాణం టైలరమ్మ రోజుకి నాలుగుసార్లు వచ్చి, నడుస్తున్నారుగా తమ్ముడూ, ఇంకేం కావాలి అని ధైర్యం చెప్పి వెళ్లేది. నడుస్తున్నారు. కానీ ఎక్కడ నడుస్తున్నారో, ఏ అంచున నడుస్తున్నారో ముల్లు చెప్పదు కదా అని అతని బాధ.

ఏడోరోజు పొద్దున్న తలుపు తీసేసరికి రెండూ సున్నా దగ్గరున్నాయి. ఇంకా లేచి ఉండరు అనుకున్నాడు. ఎనిమిదిన్నర అయింది. ఆ వేళకి రోజూ బయల్దేరిపోయేవాళ్లు. స్టవ్వు మీద పెట్టిన టీ సంగతి మర్చిపోయి, బల్లకి ఆనుకుని నిలబడ్డాడు.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా ఎడమ ముల్లు కదిలింది. తిండి తరిగాక ఇప్పుడు తొమ్మిది కిలోల దగ్గర ఆగాల్సింది, ఆగలేదు. ఇరవై దాటింది, నలభై దాటింది, నలభై తొమ్మిదిన్నర దగ్గర నిలబడి గట్టిగా ఊగింది. కుడి ముల్లు సున్నా మీదే ఉంది.

మేస్త్రికి లెక్క కట్టాల్సిన అవసరం లేకపోయింది. బయల్దేరేముందు సంచులతోపాటు మనుషుల్ని కూడా తూచాడు. కూతురు నలభై తొమ్మిది కిలోలు. తడిసిన బట్టలో, బూట్లో, అవో అర కిలో. సంచులు రెండూ ఎక్కడో పడేసి, భార్య కూతుర్ని వీపున మోస్తోంది.

మాడిన టీ వాసనకి టైలరమ్మ వచ్చి స్టవ్వు ఆర్పింది. ముల్లు వంక చూసి స్టూలు మీద కూలబడింది. మేస్త్రి అటవీశాఖ ఆఫీసుకి ఫోను చేశాడు. అవతలాయన మంచివాడే. మనుషుల్ని పంపిస్తాను, కానీ ఆ కొండల్లో అయిదు దారులున్నాయి, ఏ దారిలో ఉన్నారో చెప్పండి అన్నాడు. ఎంత మోస్తోందో గ్రాములతో సహా చెప్పగలను గానీ ఎక్కడ మోస్తోందో చెప్పలేనన్నాడు మేస్త్రి. అన్ని దారులకీ మనుషుల్ని పంపే ప్రయత్నం చేస్తామని ఫోను పెట్టేశాడు.

భార్య మొదట ఇరవై నిమిషాలు ఆగకుండా నడిచింది. ముల్లు సున్నాకి పడి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ లేచింది. తర్వాత పది నిమిషాలకే పడింది. తర్వాత అయిదు. నడక తగ్గుతోంది, ఆగడం పెరుగుతోంది. రోజూ పదకొండు కిలోలు మోసే భుజాలే అవి, కానీ నలభై తొమ్మిది ఎక్కడ, పదకొండు ఎక్కడ. నాలుగు వందల గ్రాముల కోసం ఇంత చేశాను అని మేస్త్రి పైకే అన్నాడు.

సరిగ్గా ఆ సమయానికి తూనికల ఇన్‌స్పెక్టరు ముద్రల పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఏడాదికోసారి దుకాణంలో ప్రతి కాటానీ పరీక్షించి, స్ప్రింగు మరకి సీసం సీలు వేసి వెళ్లడం ఆయన పని. ఆ తేదీని మేస్త్రే ఎర్ర పెన్సిలుతో క్యాలెండరులో చుట్టిపెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన ఎవరో గుర్తుపట్టడానికి కూడా కాసేపు పట్టింది.

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూసి, పోస్టమ్మకి ఇవాళ మోత ఎక్కువే ఇచ్చారే అన్నాడు.

"మోత కాదు సార్. మా అమ్మాయి."

ఇన్‌స్పెక్టరు పెట్టె కింద పెట్టి, టోపీ తీసి, టైలరమ్మ పక్కన నిలబడ్డాడు. ముల్లు మళ్లీ సున్నాకి పడింది. ఈసారి ఆరు నిమిషాలు లేవలేదు. ముగ్గురూ గోడ గడియారం చూస్తూ ఉండిపోయారు. లేచాక మూడు నిమిషాలు కూడా నిలవలేదు.

అప్పుడు టైలరమ్మ అంది. "ఆ ముల్లుని నువ్వు తగ్గించలేవా తమ్ముడూ?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. చేతకాక కాదు. సీలు తెంచి స్ప్రింగు మర బిగిస్తే ఏ కాటా అయినా తక్కువ చూపిస్తుంది, ఆ విద్య తెలియకుండా ఇన్నాళ్లు బతకలేదు. బరువుని బట్టి ముల్లు కదులుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ముల్లుని కదిలిస్తే బరువు కదులుతుందా అన్నది మాత్రం ఎవరూ చూడలేదు. చూడాలంటే తప్పు తూకం పెట్టాలి. ఆ ఊహ ఇరవై ఆరేళ్లలో అతని దరిదాపులకి రాలేదు.

ముల్లు సున్నా మీదే ఉంది. ఎనిమిది నిమిషాలు. తొమ్మిది.

అతను నిచ్చెన తెచ్చి వేశాడు.

"మేస్త్రిగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా, "నా కళ్లముందు చేస్తే రాయక తప్పదు నాకు. నేను పోయి ఓ గంటాగి వస్తాను."

"గంట లేదు సార్. రాసుకోండి."

కటింగ్ ప్లేయరుతో సీసం సీలు తెంచాడు. ముల్లు లేచేదాకా కాచుకుని, అది నలభై తొమ్మిదిన్నర దగ్గర ఊగడం మొదలుపెట్టగానే మర పావు చుట్టు తిప్పాడు. నలభై. అక్కడ ఆపి చూశాడు. ఊగుతూనే ఉంది, అంటే నడుస్తూనే ఉంది. ఇంకో పావు చుట్టు. ముప్పై. ఇంకాస్త. పద్దెనిమిది.

కూతురికి అయిదేళ్లప్పుడు పద్దెనిమిది కిలోలుండేది. జ్వరమొస్తే వాళ్లమ్మ భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగేది. అక్కడికి వచ్చాక అతని వేళ్లు ఆగిపోయాయి. ఇంకా తగ్గిస్తే అక్కడ అమ్మాయికి ఏమవుతుందోనని భయమేసింది.

నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. ముల్లు వణుకు మారింది. ముందు ఒక్కో అడుగూ లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు లెక్కకి అందడం లేదు, డయలు గాజు కూడా చిన్నగా చప్పుడు చేస్తోంది. ఆవిడ పరిగెడుతోంది. అతనికి ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. కాసేపటికి సందేహం పుట్టింది. బరువు తగ్గితే సుఖంగా నడవాలి గానీ పరుగెందుకు? వెనక ఏం తరుముతోంది? టైలరమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, దేవుడికి దణ్ణం పెట్టడం మొదలుపెట్టింది.

గంటా పది నిమిషాలు ఒక్కసారి కూడా ఆగలేదు. తర్వాత ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడిపోయింది. మెల్లగా దించినట్టు కాదు, టక్కున పడింది. ఇక లేవలేదు.

సున్నా అంటే ఏమైనా కావచ్చు. ఎవరైనా చేతులందించి ఉండొచ్చు, ఇద్దరూ కలిసి పడిపోయి ఉండొచ్చు. పన్నెండయింది. ఒంటిగంటయింది. వీధిలో ఎవరో వచ్చి తమ కాటా తయారైందా అని అడిగితే ఇన్‌స్పెక్టరే లేచి వెళ్లి రేపు రమ్మని చెప్పాడు. మేస్త్రి నిచ్చెన దిగలేదు. దిగితే ఏదో తెలిసిపోతుందన్నట్టు అక్కడే ఉన్నాడు.

రెండున్నరకి ఫోను మోగింది. తెలియని నంబరు. మేస్త్రి చేయి చాచాడు గానీ అందుకోలేకపోతే టైలరమ్మే నొక్కి అతని చెవి దగ్గర పెట్టింది.

"ఏమండీ, నేనే. అమ్మాయి బావుంది. ముందది వినండి."

తక్కినదంతా తర్వాత చెప్పింది. తెల్లవారాక వాగులో నీళ్లు పట్టుకుంటుంటే కూతుర్ని మడమ పైన పాము కరిచింది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. కాసేపట్లో కాలు వాచిపోయి పిల్ల నిలబడలేకపోయింది. ఫోన్లు పనిచేయవు, సంచులక్కడే వదిలేసి ఎత్తుకుంది. కింద చెక్‌పోస్టు నుంచి పట్నానికి రోజుకొకటే జీపు, పదకొండున్నరకి వెళ్లిపోతుంది. దారి ఎనిమిది కిలోమీటర్లు. మూడు కూడా నడవకముందే మోకాళ్లు సహకరించలేదు. జీపు అందదని తెలిసిపోయింది. కూతుర్ని ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని చాలాసేపు కూర్చుంది.

"మళ్లీ ఎత్తుకున్నానండీ. ఎత్తుకున్నాక, తేలికైపోయింది," అంది. "చేతుల్లోనే తగ్గిపోతోంది. చూస్తుండగానే అయిదేళ్ల పిల్లంతయింది. ప్రాణం పోతోందనుకున్నాను. పోతే ఇలాగే పోతుందేమో, కొద్దికొద్దిగా. ఇంక మిగిలిన ఆ కాస్తా ఎలాగైనా దక్కించుకోవాలని పరిగెత్తాను. కాళ్లు నొప్పి కూడా తెలీలేదు. జీపు కదిలిపోతుంటే ముందుకెళ్లి అడ్డంగా పడ్డాను."

పట్నం ఆసుపత్రిలో ఇంజక్షన్లు ఇచ్చారట. ఇంకో అరగంట ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని డాక్టరన్నాడట. ఇప్పుడు కళ్లు తెరిచి నీళ్లడుగుతోంది. నాన్నకి చెప్పొద్దు, కంగారుపడతాడంటోంది.

మేస్త్రి ఏదో చెప్పబోయాడు. ఆ భయం పెట్టింది నేనే అనాలనుకున్నాడు. ఆవిడ అవతల వెక్కుతోంటే ఆ మాట దాచుకున్నాడు. సాయంత్రం బస్సుకి వస్తున్నానని మాత్రం చెప్పి, ఫోను టైలరమ్మకిచ్చి, నిచ్చెన దిగి నేలమీద కూర్చుని గట్టిగా ఏడ్చాడు.

ఇన్‌స్పెక్టరు అతను తేరుకునేదాకా ఆగి, మంచినీళ్లిచ్చి, అప్పుడు ఫారం తీశాడు. సీలు తెంచిన కారణం అనే గడి దగ్గర పెన్ను ఆపాడు. మరమ్మత్తు కోసం అని రాస్తాను, మీరు రోజూ చేసే పనే కదా, స్ప్రింగు సరిచేసి పెట్టండి, కొత్త సీలు వేసేసి వెళ్లిపోతానన్నాడు.

మేస్త్రి మొహం తుడుచుకున్నాడు.

"మరమ్మత్తు కాదు సార్. తక్కువ చూపించాలని తిప్పాను. అదే రాయండి."

"అలా రాస్తే లైసెన్సు పోతుంది. మీకు నేను చెప్పాలా?"

"తెలుసు సార్. మరమ్మత్తంటే ఇవాళ ఇక్కడ ఏమీ జరగనట్టే. జరిగింది. నేనే చేశాను."

ఇన్‌స్పెక్టరు తలవంచి, ఉద్దేశపూర్వకంగా సుమారు ముప్పై కిలోలు తక్కువ చూపునట్లు అమర్చడమైనది అని రాసి, సంతకానికి ఇచ్చాడు. మేస్త్రి కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ముప్పై కొట్టేయించి ముప్పై ఒకటిన్నర అని రాయించి, సంతకం పెట్టాడు.