నేల మీది గని

సదాశివ స్టూలు మీద నిలబడి, ఎడమ చేత్తో దూలాన్ని పట్టుకుని, కుడిచేతి కుంచెతో పైకప్పు మీద సున్నం గుండ్రంగా దిద్దుతున్నాడు. వారం రోజులుగా కర్రదెబ్బలు తిని ఆ గుర్తు మసకబారింది. ఒక చుక్క జారి కళ్లద్దాల మీద పడింది. ధోవతి అంచుతో తుడుచుకుని, మళ్లీ మెడ వెనక్కి వాల్చాడు. అలా వాల్చినప్పుడల్లా ఆయన నోరు కొంచెం తెరుచుకుంటుంది.

శిక్షణ కేంద్రం వెనుక రేకుల షెడ్డులో ఆయన కట్టించిన గని అది. రెండు వైపులా బొగ్గుపెళ్లలు పేర్చిన గోడలు, వాటి మీద దూలాలు, ఆపైన బండలు. ఒక్కచోట మాత్రం బండకు బదులు పలచని పలక వేయించి, దాని మీద ఖాళీ వదిలి, అడుగున బొగ్గుపొడి పూయించాడు. కర్రతో కొడితే మిగతా కప్పు ఠంగున పలుకుతుంది. ఆ చోటు దబ్బుమంటుంది. నిజం గనిలో బండ ఊడిపడే ముందు అలాగే డొల్లగా పలుకుతుంది. కొట్టి, విని, ఆ తేడా పట్టుకోవడమే కొత్తగా దిగేవాడికి మొదటి పాఠం. వెనుక వరసవాళ్లకు ఆ చోటు ఏదో కనబడడం లేదని మొదటి ఏడాదే సున్నంతో గుర్తు పెట్టాడు. చూడవచ్చిన పెద్ద అధికారులు దాన్ని మెచ్చుకున్నారు. అప్పటినుంచి ప్రతి బ్యాచి ముందూ ఆ గుర్తును తానే దిద్దుకుంటున్నాడు. ఇంకొకరికి అప్పగించడు.

మంథనిలో ఆయన తండ్రి గుడిలో అర్చకత్వం చేసేవాడు. సదాశివ బడిపంతులయ్యాడు. పిల్లలకు ఎక్కాలు చెబుతూ ఉండిపోవలసినవాడు, గోదావరి ఇవతల బొగ్గుగనులు తెరిచిన కొత్తలో, కంపెనీవాళ్లు చదువుచెప్పడం తెలిసినవాడు కావాలంటే వచ్చి చేరాడు. ఇక్కడ ఆయనకు రెండు పనులు. పల్లెల నుంచి వచ్చిన కొత్త కార్మికులకు గని గురించి చెప్పడం ఒకటి. వాళ్లకు ముందుముందు చెప్పబోయే పాత కార్మికులను ఉపాధ్యాయులుగా తయారు చేయడం రెండోది. అలా తయారయ్యే ప్రతివాడూ ఒక పాఠానికి పథకం తానే వేసుకుని, శిక్షణాధికారి ముందు ఆ పాఠం చెప్పి చూపించాలి. ఉద్దేశం, సామగ్రి, బోధన, ప్రశ్నలు అని నిలువు గీతలు గీయడం గడ్డపార పట్టిన చేతులకు నేర్పింది సదాశివే.

ఇవాళ ఎల్లేశం వంతు. బెల్లంపల్లిలో బొగ్గు కొట్టి, ఈ గని తెరిచిన కొత్తలోనే ఇక్కడికి బదిలీ మీద వచ్చిన మనిషి. పొట్టిగా, బలంగా ఉంటాడు. ఎడమ చెవి పైన నీలంగా బొగ్గుమచ్చ. సామగ్రి అన్నచోట 'కర్ర, కప్పు, సున్నం గుర్తు' అని రాసుకున్నాడు. సదాశివ పథకంలో ఉన్నట్టే.

షెడ్డులో కొత్తవాళ్లు గొంతుక్కూర్చున్నారు. శిక్షణాధికారి కుర్చీలో కూర్చుని చేతి గడియారం చూసుకున్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన యువకుడు, మర్యాదస్తుడు.

"ముత్యం, నువ్వు లెవ్వు," అన్నాడు ఎల్లేశం.

ముత్యం ఈ మధ్యే పెళ్లయినవాడు. పొడుగ్గా, సన్నగా, తలపాగా చుట్టుకుని ఉన్నాడు. కర్ర తీసుకుని నాలుగు అడుగులు వేసి, నేరుగా సున్నం గుర్తు కిందికి పోయి కొట్టాడు.

"డొల్ల, సార్."

"డొల్లయితే ఏం జేస్తవు?"

"ఉరుకుత."

అందరూ నవ్వారు. "ఉరికేది మల్ల. ముందుగాల పక్కోన్ని పిలువు, సర్దారుకు చెప్పు," అన్నాడు ఎల్లేశం. సర్దారంటే గనిలో కప్పు భద్రత చూసుకునే మేస్త్రీ. తర్వాత లేచినవాడూ నేరుగా అక్కడికే పోయాడు. ఆ తర్వాతివాడూ అంతే. పాఠం చక్కగా జరిగిపోయింది. అధికారి లేచి, "బావుంది మాస్టారూ, మీ శిష్యుడు పాసైనట్టే. ఈ బ్యాచిని ఇవాళ రెండో షిఫ్టుకే పంపమంటున్నారు, మనుషులు చాలట్లేదట," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఎల్లేశం కర్ర గోడకు ఆనించి, సదాశివ దగ్గరికి వచ్చాడు. పాసైన సంతోషం మొహంలో లేదు.

"సార్, ఒకటడుగుత. లోపట సున్నం ఎవలు పెడ్తరు?"

"సర్దారు. డొల్లని తెలిసినచోట."

"ఎవడన్న ఇన్నంకనే పెడ్తడు గద. ముందుగాల ఇనేటోడెవడు?"

సదాశివ కప్పు మీది గుర్తు వైపు చూశాడు. ఎల్లేశం వెళ్లి ముత్యం తలపాగా విప్పి, దానితోనే వాడి కళ్లకు గంతలు కట్టాడు. భుజాలు పట్టి రెండుసార్లు తిప్పి, "ఇప్పుడు కొట్టి చెప్పు, బిడ్డా," అన్నాడు.

"దాగుడుమూతలా అన్నా?" అంటూ ముత్యం కర్ర ఎత్తాడు. గట్టి బండ మీద కొట్టి డొల్ల అన్నాడు. మళ్లీ కొట్టి గట్టి అన్నాడు. పలక మీద కొట్టి, తల ఒకవైపు వంచి, చాలాసేపు ఆలోచించి, "గట్టిదే," అన్నాడు. షెడ్డంతా నవ్వులు. గంతలు విప్పితే పైకి చూసి తానూ నవ్వాడు. "సున్నం కనబడితే చెప్తుంటి గద."

మిగతావాళ్లలోనూ ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ నవ్వుల మధ్య సదాశివ తన చేతుల వైపు చూసుకున్నాడు. వేలిగోళ్ల సందుల్లో సున్నం ఇంకా తడిగా ఉంది. ఇన్ని బ్యాచిలకు తాను వినడం నేర్పలేదు. చూడడం నేర్పాడు. గుర్తు లేనిచోట భయం లేదని నేర్పాడు. ఆ సంగతి తనకు ఇవాళే తెలిసిందా అని లోపల వెతుక్కుంటే, ఇవాళ కాదేమో అనిపించింది. ఇలాంటి సంగతులు మనిషి కంటపడకుండా మనసులోనే ఏదో మూల పడి ఉంటాయి.

అధికారి గదికి వెళ్లి నిలబడి చెప్పాడు. ఈ బ్యాచిని పనిలో పెట్టకముందు ఒక్క షిఫ్టు లోపల తిప్పాలి, అసలు కప్పు కింద నిలబెట్టి కొట్టించాలి, వినిపించాలి. అధికారి శ్రద్ధగా విన్నాడు.

"నిజమే మాస్టారూ. మేనేజరుగారికి ఫోను చేస్తాను, ఒక్క షిఫ్టు కాదనరు. కానీ మీరే తీసుకెళ్లాలి. ఎల్లేశానికి ఇంకా ఉత్తర్వు రాలేదు, వాడి పేరున మనుషుల్ని దింపకూడదు. తోడుగా రానివ్వండి. దిగుతారుగా?"

అధికారి చెయ్యి ఫోను మీద ఉంది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం సదాశివ ఒక్కసారి దిగాడు. ఏటవాలు దారిలో పట్టాల పక్కన నడుస్తుంటే, మొదటి మలుపు దగ్గర వెనుక వెలుగు పోయింది. ముందు వెలుగు ఎలాగూ లేదు. ఊపిరి లోనికి పోలేదు. పట్టా మీద కూలబడి, తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. పట్టాల మీద బొగ్గు టబ్బు తోస్తున్న ఒక కార్మికుడు ఏమీ అడగకుండా చెయ్యి పట్టుకుని, గుడ్డివాణ్ణి నడిపించినట్టు పైకి తెచ్చి, మళ్లీ దిగిపోయాడు. ఆ తర్వాత నెలకే సదాశివ నేల మీద గని కట్టించమని అర్జీ పెట్టుకున్నాడు. అందరూ దాన్ని ఆయన తెలివి అన్నారు.

"దిగుతారుగా మాస్టారూ?"

"ఇవాళ... ఒంట్లో బాగాలేదండి."

అధికారి జాలిగా చూసి ఫోను మీది చెయ్యి తీశాడు. "పోనీలెండి. లోపల సర్దారు ఉంటాడుగా, చూసుకుంటాడు."

బయట ఎల్లేశం బీడీ ఆర్పి నిలబడ్డాడు. సంగతి విన్నాడు. చెయ్యి చాచాడు.

"నా చెయ్యి పట్టుకోండ్రి సార్," అన్నాడు మెల్లగా. "గప్పటి లెక్కనే. గిప్పుడు కిందికి."

సదాశివ వాడి మొహంలోకి చూశాడు. ఆనాడు తనను పైకి తెచ్చినప్పుడు చీకట్లో ఆ మొహం చూడలేదు. ఇన్నాళ్లూ వాడు ఎవరితోనూ చెప్పలేదు, తనతో కూడా.

"రేపు పోదాం ఎల్లేశం."

"రేపు వాళ్లు మన తరగతోళ్లు గారు సార్."

చెయ్యి ఇంకా చాచే ఉంది. చూపుడువేలు మొదట్లో కాయ కాసింది. పట్టుకుంటే చాలు. సదాశివ తన చెయ్యి ఎత్తుదామనే అనుకున్నాడు. అది పక్కనే వేలాడుతూ ఉండిపోయింది, తనది కానట్టు. ఎల్లేశం చెయ్యి వెనక్కి తీసుకుని, ఊరికే అంగీకి తుడుచుకున్నాడు.

రెండో షిఫ్టు కూత వేసే వేళకు సదాశివ గని మొగ దాకా నడిచాడు. లోపలి గాలి వెచ్చగా, తడిగా మొహానికి తగిలింది. తలదీపాలు పెట్టుకున్నవాళ్లు ఒకరి వెనుక ఒకరు దిగిపోతున్నారు. ముత్యం నెత్తిమీది టోపీ పెద్దదై కళ్ల మీదికి జారుతోంది.

"మీరు గూడ వస్తున్నరా సార్?"

"లేదు. చూసిపోదామని." సదాశివ వాడి మోచెయ్యి పట్టుకున్నాడు. "ముత్యం, లోపల గుర్తులు ఉండవు. ఉన్నా నమ్మకు. నిలబడేముందు కొట్టి చూడు. కాదు, కొట్టి విను. చెవితో వినాలె. తెలిసిందా?"

"అట్లనే సార్," అని ముత్యం తల ఊపాడు.

ఆ తల ఊపడం సదాశివకు తెలుసు. మంథని బడిలోనూ పిల్లలు అలాగే ఊపేవారు, పంతులు బాధపడకూడదని. ఇంకేదో చెప్పబోయాడు. వెనుకవాళ్లు, "జల్ది నడువు కాకా," అని తోశారు. ముత్యం దీపం మలుపు దాకా కనబడింది.

కొలువు వేళ దాటినా సదాశివ ఇంటికి పోలేదు. కార్యాలయంలో కూర్చుని, మరుసటి బ్యాచి పథకంలో సామగ్రి గడి నుంచి ఒక మాట కొట్టేశాడు. దాని బదులు ఏం రాయాలో తోచలేదు. పొద్దు వాలుతుండగా కూత వినబడింది. వేళ కాని కూత. ఆయన లేవలేదు. మనుషులు గని వైపు పరుగెత్తడం కిటికీలోంచి కనబడింది. తర్వాత నడిచి వస్తున్నవాళ్లు కనబడ్డారు.

ఎల్లేశం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ముత్యం, సార్."

"ఉన్నాడా?"

"లేడు."

ఎల్లేశమే మళ్లీ చెప్పాడు. "సర్దారు అవతలి గల్లికి పోయిండట. టబ్బు వచ్చేదాక ఆగుమన్నడట ఈన్ని. బండ ఊడినప్పుడు కర్ర చేతులనే ఉన్నదట. పైకి సూసుకుంటనే నిలబడ్డడట."

చెప్పి, తడుముకుంటున్నట్టు చుట్టూ చూసి, కుండలో నీళ్లు ముంచి సదాశివ ముందు పెట్టాడు. "ఇంటికి పోండ్రి సార్. ఆల్లింటికి నేను పోత," అన్నాడు. సదాశివ తల ఊపాడు.

క్వార్టర్ల వరసలో దీపాలు పెడుతున్నారు. కొన్ని గుమ్మాల్లో ఆడవాళ్లు గని వైపు చూస్తూ మాట్లాడుకుంటున్నారు. ఆయన వస్తుంటే గొంతు తగ్గించారు. భార్య అలివేలుమంగ కాళ్లకు నీళ్లిచ్చింది. ఆమెకు ఇంకా పోయినవాడి పేరు తెలియదు.

"ఎవరో పోయారట గద?"

ఆయన కాళ్లు కడుక్కుంటున్నాడు.

"మధ్యాహ్నం మీ శిష్యుడట, డ్యూటీకి పోతూ వచ్చిండు. పొడుగ్గా ఉన్నడు. వాళ్ల పాదుకు మొదటి కాపట, సారుకిమ్మని వాళ్లింటామె పంపిందట. లోపలికి రమ్మంటే రాలేదు, కూత అయితదని ఉరికిండు. రేపు పప్పులో వేస్తాలే."

గడప పక్కన గోడకు ఆనించి సొరకాయ ఉంది. లేతది. ఒంటినిండా ఇంకా తెల్లని నూగు ఉంది. ఎత్తి తెచ్చినచోట మాత్రం ఆ నూగు చెదిరి, నాలుగు వేళ్ల అచ్చులు పడి ఉన్నాయి.