తొంభై ఒకటో చీటీ

సరళకుమారి సంచీలో పెడుతున్నవి పెడుతున్నట్టే ఫెలిక్స్ తీసి మంచం మీద పడేస్తున్నాడు. ఉన్ని స్వెట్టరు తీసేశాడు. గోంగూర పచ్చడి సీసా తీసేశాడు. రెండు జతల బట్టలు, బైబిలు, ఎక్స్‌రే టెక్నీషియన్ సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు మాత్రం ఉండనిచ్చాడు. ఉద్యోగానికి పోయేవాడి సంచీలా లేదది, అలిగి పోయేవాడి సంచీలా ఉంది.

"ఈస్టరు వారం రోజులు కూడా లేదు. అందాకా ఆగితే ఆ ధన్‌బాదు ఏమన్నా పారిపోతదంట్రా?" అంది.

"ఏజెన్సీ వాళ్లకి ఈస్టరు లేదక్కా."

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. రేపల్లె నుంచి తెచ్చి, చదివించి, ఫరీదాబాదులో తాను నర్సుగా ఉన్న ట్రస్టు ఆస్పత్రిలోనే పనిలో పెట్టించింది. పదేళ్లు తిరక్కుండా వాడు యూనియన్ కార్యదర్శి అయ్యాడు. మూడేళ్లకోసారి యూనియన్ వాళ్లు యాజమాన్యానికి ఎదురుగా కూర్చుని ఒప్పందం రాయించుకునేవాళ్లు. జీతం, నైటు డ్యూటీ, ఇంట్లోవాళ్లకు ఉచిత వైద్యం, అన్నీ ఆ కాగితం మీదే నడిచేవి.

కరోనా వెళ్లాక ఆస్పత్రి అప్పుల్లో మునిగింది, విరాళాలు ఆగాయి. ఖర్చులు తగ్గించడానికి ట్రస్టు వాళ్లు కేశవరావు అనే కొత్త అడ్మినిస్ట్రేటరును తెచ్చారు. కేంద్ర ప్రభుత్వ కొలువులో రిటైరైన మనిషి, జనక్‌పురి నుంచి కారులో వస్తాడు. తెలుగువాడని తెలిసి యూనియన్ కమిటీలో సరళకుమారితో సహా అందరూ సంబరపడ్డారు. ఆయన కూడా టీ పోయించి, తెలుగులోనే మాట్లాడాడు. ఒప్పందం ఒక్క అక్షరం మార్చకుండా సంతకం చేస్తానన్నాడు. కాకపోతే ఆరుగురిని, కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే ఏజెన్సీకి అప్పగించాలి. వాళ్ల పర్మనెంటు ఉద్యోగం ఆ రోజుతో సరి. ఆ పైన ఏజెన్సీ ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి.

"పేర్లు మీరే ఇవ్వండమ్మా," అన్నాడు సరళకుమారి వైపు తిరిగి. "నేనిస్తే కక్ష అంటారు. మీరిస్తే న్యాయంగా ఉంటుంది. ఇవ్వబోమంటారా, ఒప్పందమూ లేదు, యూనియన్‌కు గుర్తింపూ లేదు. ఠీక్ హై, ఆలోచించుకోండి."

సమ్మె చేద్దామన్నాడు ఫెలిక్స్. అధ్యక్షుడు సాలొమోను ఒప్పుకోలేదు. ఆయన చర్చిలో పెద్ద, రిటైరవడానికి రెండేళ్లుంది. పొద్దున సమ్మె చేస్తే సాయంత్రానికి మన జాగాలో వేరేవాళ్లు నిలబడతారు, గేటు బయట పనికోసం ఎంతమంది కూర్చున్నారో చూశావా అన్నాడు. మరి ఆరుగురి గొంతు కోసే పాపం ఎవరు మోస్తారు? దానికీ ఆయనే దారి చూపించాడు. కొత్త సంవత్సరం ఆరాధనలో గుడ్డసంచీలో చెయ్యిపెట్టి బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డులు తీసుకుంటాం కదా, అలాగే చీట్లేద్దాం, దేవుడే చూసుకుంటాడు అన్నాడు.

"దేవుడు సంతకం పెట్టడు బాబాయ్," అన్నాడు ఫెలిక్స్. "కింద సంతకం మనది."

కమిటీలో ఏడుగురు. ఆరు చేతులు లేచాయి. వాటిలో సరళకుమారిది ఒకటి.

చేతిరాత బాగుంటుందని చీట్లు రాసే పని ఆమెకే ఇచ్చారు. సభ్యులు తొంభై ఒక్కమంది. రిజిస్టరు ముందు పెట్టుకుని వరసగా రాసుకుంటూ వచ్చింది. ఫెలిక్స్ పేరు దగ్గర పెన్ను ఆగింది. ఆ పేరు దాటేసి, కింది పేరు రాసింది. అంతే, అరక్షణం పని.

మార్చి నెలలో ఓ ఆదివారం, ఆరాధన అయ్యాక, అదే గుడ్డసంచీని కుదిపారు. సాలొమోను ప్రార్థన చేసి, కళ్లు మూసుకునే ఆరు చీట్లు తీశాడు. ఆరోది వార్డు ఆయా సునంద. ఆమె భర్తకు ఆ ఆస్పత్రిలోనే వారానికి రెండుసార్లు డయాలిసిస్ జరుగుతోంది, ఒప్పందం ప్రకారం ఉచితంగా. సునంద ఏడవలేదు. సరళకుమారి దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"సిస్టర్, నా పేరు ఒక్కసారే రాశారు కదా?"

ఒక్కసారే రాశానని చెప్పింది సరళకుమారి. అబద్ధం కాదు.

రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని ఫెలిక్స్ మిగిలిన చీట్లన్నిటినీ రిజిస్టరుతో సరిచూశాడు. ఎనభై అయిదు ఉండాలి. ఎనభై నాలుగున్నాయి. నలుగురిలో నోరెత్తలేదు. ఇంటికొచ్చాకా అడగలేదు. మర్నాడు జాబితాలో సునంద పేరు కొట్టేసి, తన పేరు రాసి కేశవరావుకు ఇచ్చాడు. "అచ్ఛా, కార్యదర్శిగారే వెళ్తున్నారా," అని ఆయన నవ్వు దాచుకోలేదట. ముల్లు తనంతట తానే ఊడిపోతే నవ్వడూ మరి.

ఇప్పుడు సంచీ నిండకుండానే జిప్పు వేస్తున్న తమ్ముణ్ణి చూస్తూ సరళకుమారి ఉండబట్టలేకపోయింది.

"సునందని తప్పించాలనుకుంటే ఇంకో చీటీ తీయించాల్సింది. ఎవరికి తెలిసేది?"

"ఇంకో చీటీ అంటే ఇంకో సునంద."

"నిన్ను పెంచినదాన్నిరా. ఆ చీటీ నా చేత్తో ఎట్టా రాస్తాననుకున్నావు?"

ఫెలిక్స్ సంచీ భుజాన వేసుకున్నాడు. "చీటీ సంగతి తర్వాత. ఆ రోజు చెయ్యి ఎత్తకుండా ఉండాల్సింది అక్కా."

క్రిస్మస్‌కి వస్తావా అని అడిగింది. చూద్దామన్నాడు. ఆమె చెప్పులు వేసుకుని కిందికి దిగేలోపే ఆటో వీధి మలుపు తిరిగింది.

ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ఫొటో కూడా తీశారు. ఎనిమిది నెలలు తిరక్కుండా కేశవరావు మళ్లీ కబురుపెట్టి, ఈసారి ఇరవై పేర్లడిగాడు. ఒకసారి ఇచ్చిన కమిటీ ఈసారీ కాదనలేకపోయింది. చీట్లు కూడా వేయలేదు. సాలొమోను కూర్చుని రాసిచ్చేశాడు, అందులో సునంద పేరుంది. ఏజెన్సీ మనుషులకు యూనియన్‌లో సభ్యత్వం ఉండదు. ఏడాది గడిచేసరికి ఆస్పత్రిలో సగానికి పైగా వాళ్లే అయ్యారు. మీ యూనియన్‌తో మాట్లాడవలసిన అవసరం ఇక లేదని యాజమాన్యం రెండు వాక్యాల ఉత్తరం పంపింది. తర్వాతి ఒప్పందానికి ఎవరూ ఎవరికీ ఎదురుగా కూర్చోలేదు.

ఫెలిక్స్ బతికే ఉన్నాడు. ధన్‌బాదులో ఎక్స్‌రేలు తీస్తున్నాడని సాలొమోను చెబితేనే సరళకుమారికి తెలిసింది. వాడు ఫరీదాబాదు విడిచింది 2022 ఏప్రిల్ 11, సోమవారం. ఆ క్రిస్మస్‌కి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.