వదిన వాటా

వదిన లాప్‌టాప్‌లోని డిస్కును ఆడపడుచు రెండు వాటాలు వేసేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. అన్నదమ్ముల పంపకాలకైతే నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు. ఈ పంపకానికి సాక్షి కూడా లేడు. అన్న ఆఫీసులో ఉన్నాడు, వదిన తను పాఠాలు చెప్పే కాలేజీలో ఉంది. ఈ పిల్ల చదువుకి రెండో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలంటే తన లాప్‌టాప్ ఇచ్చింది వదినే.

"సగం నువ్వు వాడుకో. నా సగం జోలికి మాత్రం వెళ్లకు తల్లీ," అని మరీ చెప్పి వెళ్లింది.

వదిన సగంలో ఆరేళ్ల పరిశోధన ఉంది. నేలలో ఉప్పు ఎలా పేరుకుంటుందో ఐదు అధ్యాయాలు రాసింది. సోమవారం యూనివర్సిటీకి ఇచ్చేయాలి. ఇంకో కాపీ లేదు. నెట్‌లో పెడితే ఎవరైనా కాజేస్తారని భయం, పెన్‌డ్రైవ్‌లో పెడితే ఎక్కడో పారేసుకుంటానని భయం. అంత చదువుకున్న మనిషికి ఇదేం తెలివో!

కొత్త సిస్టమ్ బాగానే ఎక్కింది. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద ఏవో నాలుగు వరుసలు మెరిసి, చదివేలోపే పోయాయి. కొత్త సిస్టమ్ తెరుచుకుంది. అందులో వదిన ఫోల్డర్ ఒక్కటీ లేదు. ఆపి మళ్లీ ఆన్ చేసింది. మళ్లీ కొత్తదే వచ్చింది.

వదిన సగం పోయినట్టే అనుకుంది. కొత్త సిస్టమ్ ఇచ్చిన కంప్యూటర్ రిపేరు షాపతనికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

వదిన తిట్టే మనిషైనా బాగుండేది. ఆవిడ "సరేలే" అని లోపలికెళ్లి తలుపేసుకునే రకం. ఆ "సరేలే" వినకుండా ఉంటే చాలనుకుంది. నాలుగు దాటింది. ఐదింటికి వదిన వచ్చేస్తుంది.

అప్పుడు తట్టింది ఆ పాడు ఆలోచన. ఎలాగూ అంతా పోయింది కదా. వాటాలన్నీ చెరిపేసి పాత సిస్టమే మళ్లీ ఎక్కిస్తే, మెషిన్ దానంతటదే పాడైందని చెప్పొచ్చు. పాత సిస్టమ్ పెన్‌డ్రైవ్ గుచ్చింది. "డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా?" అని తెర అడిగింది. కళ్లు మూసుకుని సరే నొక్కింది.

అరవై శాతం దగ్గర ఫోన్ మోగింది.

"బండి మీద ఉన్నానమ్మా, చూసుకోలేదు. ఏంటి, పాతది కనిపించట్లేదా? దానికింత కంగారెందుకు! ఆన్ అవగానే నాలుగు లైన్లు వస్తాయి చూడు, కిందికి బాణం నొక్కి ఆపు. మూడో లైన్‌లో ఉంటుంది మీ వదిన సిస్టమ్. ఎక్కడికీ పోదు."

తెర మీద అరవై రెండు అయింది.

"హలో? ఏమీ చెరపలేదు కదా?"

వీధి తలుపు తెరుచుకుంది. భుజాన సంచితో వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైంది? ఒళ్లు బాలేదా?"

పాడైందని చెబుదామని నోరు తెరిచింది. కానీ భయంతో నిజమే బయటికొచ్చింది. "పోలేదు వదినా. పోయిందనుకుని నేనే చెరిపేశా."

వదిన సంచి దించలేదు.

"ఐదు అధ్యాయాలూనా?"

"ఐదూ."



వదిన "సరేలే" అనలేదు. అక్కడే, చెప్పులతోనే, నేల మీద కూలబడింది.