గేటెత్తే ముందు

నేను ఒక మోడెమ్‌ని. బొటనవేలంత ఉంటాను. కంప్యూటరుకు గుచ్చితే చాలు, కడుపులో ఉన్న సిమ్‌తో ఎందరికైనా ఫోన్లు చేసిపెడతాను. ఫ్యాక్టరీలోనే నా ఒంట్లో మరెవరికీ లేని నంబరొకటి రాసి పంపారు. మనుషులు దాన్ని పట్టించుకోలేదు. పిలిస్తే పలకాలి, అంతే వాళ్ళకు కావలసింది.

మొదట ఒక జిరాక్సు షాపులో ఉన్నాను. నెట్ రాకపోతే ఆ షాపాయన నన్ను పీకి, ఉఫ్ అని ఊది, మళ్ళీ గుచ్చేవాడు. ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. తర్వాత పల్నాటిలో ఒక వాగు ఆనకట్ట మీదికి చేరాను. గేట్లెత్తే ముందు దిగువన గొర్రెలు మేపేవాళ్ళకూ, బట్టలుతికేవాళ్ళకూ ఫోను చేయడం అక్కడ నా పని. ఇంజనీరు వసుంధర గొంతు రికార్డు చేసి పెట్టారు. నీళ్ళు వదులుతున్నాం, అరగంటలో ఒడ్డెక్కండి, ధన్యవాదాలు అంటుంది ఆ గొంతు.

కంప్యూటరు ముందొచ్చినవాళ్ళకు సున్నా అని, తర్వాతొచ్చినవాళ్ళకు ఒకటి అని నంబర్లిస్తుంది. నాది సున్నా. ఫోన్లు చేయించే ప్రోగ్రాము ఆ సున్నాను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, నన్ను పీకేసినా వదలదు. అప్పుడు మళ్ళీ గుచ్చితే, బస్సులో తువ్వాలు వేసి టీకి దిగొచ్చినవాడితో, ఆ సీటులో ఎవరో ఉన్నారయ్యా, వెనక్కి పో అన్నట్టుంటుంది. తువ్వాలు నాదే మొర్రో అన్నా వినేదెవరు? నేను ఒకటిలో కూర్చుంటాను, ప్రోగ్రామేమో ఖాళీ సున్నాను పిలుస్తూ ఉంటుంది.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆపరేటరు సుభానీ తన ఫోను చార్జింగుకని నన్ను పీకి, కాసేపటికి మళ్ళీ పెట్టాడు. అంతలో పైనుంచి వరద వస్తోందని కబురొచ్చింది. ఫోన్లు చేయించారు. తెర మీద అన్ని పేర్లకూ జవాబు లేదు అని వచ్చింది.

"వానకి ఫోన్లు కవర్లో చుట్టి దాచుకుంటారు మేడం. సైరనేసి గేటెత్తేద్దాం," అన్నాడు సుభానీ.

"అందరూ ఒకేసారి దాచుకున్నారా? మోడెమ్‌ని ఎవరన్నా కదిలించారా?"

"నేనే మేడం. మళ్ళా ఆడనే పెట్టా. లైటు కూడా వెలగతా ఉందిగా."

వసుంధర వెతికి, నేను ఒకటిలో ఉన్నానని కనిపెట్టింది. ప్రోగ్రాముకు ఆ నంబరు చెప్పింది. ఫోన్లు వెళ్ళాయి.

గొర్రెల గురవయ్య ఎత్తాడు. "తల్లీ, మా ఇంటిది ఇంకా అవతలొడ్డునే ఉంది. ఈనిన గొర్రెని ఎత్తుకొస్తంది. అది దాటిందాకా గేటెత్తమాకమ్మా!"

ధన్యవాదాలు అంది రికార్డు.

"సల్లంగుండు తల్లీ," అని పెట్టేశాడు.

రికార్డుకు చెవుల్లేవు. విన్నది నేనొక్కదాన్నే, నా నోరేమో అరువు నోరు. నాకు భయం వేసింది.

అరగంట గడిచింది. సుభానీ గేటు మీటకు చెయ్యి చాచాడు. "ఆగు. రెండో గేటప్పుడు మళ్ళీ ఇదే తంటా అయితే?" అంది వసుంధర. నా ఒంట్లోని నంబరు చదివి, ఇది ఎప్పుడొచ్చినా, ఎక్కడ గుచ్చినా దీని పేరు దండోరా అని కంప్యూటరుకు రాసింది. నన్ను పీకి పెట్టి, పీకి పెట్టి చూసింది. ప్రతిసారీ దండోరాగానే లేచాను. ఆ తర్వాతే గేటు కదిలింది.

మర్నాడు గురవయ్య ముంతతో మేకపాలు తెచ్చాడు. "ఆపమంటే ఆపారు తల్లీ. మా ఇంటిది ఒడ్డెక్కి ఊపిరి తీసుకునేసరికి నీళ్ళు వచ్చి పడినయ్యి."

"నేనా? నేనెప్పుడు ఆపాను?"

"ఫోన్లో చెప్పాగా. ధన్యవాదాలన్నారుగా."

ఆ మాటన్నది రికార్డని వసుంధరకు అర్థమైంది. ఆ రోజు నుంచి తన ఫోనుతో, తన నోటితోనే అందరికీ చెబుతోంది. దండోరా అన్న పేరు కంప్యూటర్లోనే ఉండిపోయింది, నేను సొరుగులోకి వచ్చాను. అందుకు నాకేమీ బాధ లేదు.

నన్ను సొరుగులో పెడుతూ ఆమె సుభానీని అడిగింది. "ఇన్నాళ్ళూ ఇంకెవరన్నా ఆపమని అడిగారంటావా?"

నాకు తెలుసు. నిరుడు చాకిరేవు దగ్గర నుంచి ఒకావిడ ఇలాగే కాసేపు ఆపమంది. ఆ రోజు గేటు టైముకే లేచింది.